లెక్క అడుగుదాం – 7: సంతకం పెట్టని అఫిడవిట్



పోయిన వారం క్లాసు అయ్యాక ఇద్దరు డిగ్రీ పిల్లలు స్టాఫ్ రూమ్ దాకా వచ్చారు. ఒకమ్మాయి గ్రూప్స్‌కు చదువుతోంది. "సార్, లోకాయుక్త గట్టిగా ఉంటే ఆఫీసుల్లో లంచాలు తగ్గుతాయి కదా?" అని అడిగింది. పరీక్షలో అయితే "అవును" అని రాస్తే మార్కులు పడతాయి. నాకు మాత్రం వెంటనే జవాబు రాలేదు. నా పాత ట్రంకు పెట్టెలో ఒక అఫిడవిట్ ఉంది. టైపు చేసి ఉంది, స్టాంపు పేపరు ఉంది, సంతకం ఒక్కటే లేదు. ఆ కాగితం సంగతి చెప్తే గానీ ఆ అమ్మాయికి జవాబు చెప్పలేను.

మా తాతకు తొంభై సెంట్లకు డీ ఫారం పట్టా ఇచ్చారు. తాత పోయాక ఆ భూమి మా నాయన పేరు మీదికి ఎక్కించుకోవడానికి ఒక ఆఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. ఏ ఆఫీసో, ఏ మండలమో చెప్పను. చివరికి ఎనిమిది వేలు అడిగారు. ఆ ఏడు మా అమ్మ మిరపకోతలకు పోయి తెచ్చిన కూలి మొత్తం దాదాపు అంతే. ఘాటుకు కళ్ళు మండుతూ, చేతులకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్న రాత్రుల ఖరీదు అది.

నేనప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. చదువుకున్న కొడుకుని కదా, లోకాయుక్తకు పెడదాం అన్నాను. ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ కావాలంటే నేనే రాసి టైపు చేయించాను. నాయన నాతో మొత్తం చదివించుకుని విన్నాడు. చివర సంతకం చేసే చోట వేలు పెట్టి అడిగాడు.

"ఈ కాయితం మళ్ళీ ఆయన దగ్గరికి పోద్దా?"

"పోద్ది నాయనా. ఆ శాఖ నుంచి రిపోర్టు అడుగుతారు."

"మన పేరుతోనేనా?"

"మన పేరుతోనే."

"అయితే వద్దులేరా అబ్బాయ్. పేరు రాయమాక. రేపు పాసుపుస్తకానికీ ఆ గడపే, పింఛనుకీ ఆ గడపే. ఆ పెద్ద జడ్జీగారు ఎప్పుడు చూస్తారో గానీ, ఈయన రేపొద్దున్నే చూస్తాడు."

ఎనిమిది వేలు కట్టాం. పేరు ఎక్కింది.

అప్పుడు నాకు నాయన మీద కోపమొచ్చింది. భయస్తుడు అనుకున్నాను. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లోకాయుక్త చట్టంలో ఉన్న అసలు లోపాన్ని మా నాయన ఒక్క వాక్యంలో పట్టుకున్నాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ముందు చరిత్ర చూద్దాం. ప్రభుత్వోద్యోగుల మీద జనం ఫిర్యాదులు వినడానికి ఒక స్వతంత్ర అధికారి ఉండాలన్న పద్ధతి 1809లో స్వీడన్‌లో మొదలైంది. దాని పేరే అంబుడ్స్‌మన్. మన దేశంలో 1966లో మొరార్జీ దేశాయ్ అధ్యక్షతన ఉన్న పరిపాలనా సంస్కరణల సంఘం కేంద్రంలో లోక్‌పాల్, రాష్ట్రాల్లో లోకాయుక్త పెట్టమని సిఫారసు చేసింది. లోక్‌పాల్ బిల్లు 1968లో మొదటిసారి పార్లమెంటుకొచ్చి, 2013లో గానీ చట్టం కాలేదు. మొదటి లోక్‌పాల్ కుర్చీలో కూర్చున్నది 2019లో. పాలకులకు తమ మీద నిఘా అంటే ఎంత ముచ్చటో ఈ సంవత్సరాలే చెప్తాయి.

మన రాష్ట్రం ఈ విషయంలో ముందే కదిలింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం లోకాయుక్త, ఉప లోకాయుక్త చట్టం తెచ్చింది. మొదటి లోకాయుక్త జస్టిస్ ఆవుల సాంబశివరావు. మన గుంటూరు జిల్లా మనిషి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు, రాడికల్ హ్యూమనిస్టు. ఆయన వ్యక్తిత్వం మీద నాకు గౌరవమే ఉంది. కానీ కుర్చీలో మంచి మనిషిని కూర్చోబెట్టినంత మాత్రాన కుర్చీకి కాళ్ళు రావు.

కాళ్ళు ఎందుకు లేవంటున్నానో చూడండి. లోకాయుక్త విచారించి తప్పు తేలిందంటే ఏం చేయాలి? సంబంధిత అధికారికి నివేదిక పంపాలి. వాళ్ళు చర్య తీసుకోకపోతే గవర్నరుకు ప్రత్యేక నివేదిక. అది శాసనసభ ముందుకు వెళ్తుంది. అంటే దొంగను పట్టుకున్నాక, శిక్ష వేయమని దొంగగారి పెద్దన్నకు ఉత్తరం రాయడం. పెద్దన్నకు బుద్ధి పుడితే వేస్తాడు. లేకపోతే ఆ ఉత్తరం బల్ల మీద కాగితం అవుతుంది.

ఇక ఆ కుర్చీ సంగతి. ఉమ్మడి లోకాయుక్తగా ఉన్న జస్టిస్ సుభాషణ్ రెడ్డి పదవీకాలం 2017లో ముగిసింది. విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు తర్వాతి లోకాయుక్తగా జస్టిస్ లక్ష్మణరెడ్డి వచ్చింది 2019 సెప్టెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్ళు కుర్చీ ఖాళీ. ఆ రెండేళ్ళలో రాష్ట్రంలో ఎవరూ లంచం తీసుకోలేదు కాబోలు! కేంద్రం 2013 చట్టంలోని 63వ సెక్షన్ ఏడాదిలోపు ప్రతి రాష్ట్రంలో లోకాయుక్త ఉండాలంది. ఉండాలన్నది గానీ, పెట్టకపోతే ఏమవుతుందో చెప్పలేదు. 2021లో ఆఫీసును హైదరాబాదు నుంచి కర్నూలుకు మార్చారు. కర్నూలులో సంస్థలు పెట్టొద్దని నేను అనను, రాయలసీమ హక్కు రాయలసీమదే. నా ప్రశ్న వేరు. సంతమాగులూరులో పత్తి తీసే మనిషి ఒక వాయిదాకు కర్నూలు పోవాలంటే ఒక పగలు బస్సులో, రెండు రోజుల కూలి గాలిలో. జిల్లాకొక బెంచి ఎందుకు లేదు? కోర్టుకు ఉంది, పోలీసుకు ఉంది. నిఘాకు మాత్రం రాష్ట్రం మొత్తానికి ఒకే గుమ్మమా?

ఇవన్నీ చాలామంది చెప్పేవే. ఖాళీలు నింపండి, అధికారాలివ్వండి అంటారు. నేనూ అంటాను. కానీ మనం, అంటే మాలపల్లె మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్ళం, ఇంకో ప్రశ్న అడగాలి. ఆ కుర్చీ నిండినా, కాళ్ళొచ్చినా, మన దగ్గర దోచినదాన్ని ఆ చట్టం 'అవినీతి' అని గుర్తుపడుతుందా?

మన రాష్ట్ర చట్టం పట్టుకునేది 'ఆరోపణ'ను. ఫలానా ఉద్యోగి, ఫలానా స్వలాభం కోసమో దురుద్దేశంతోనో, పదవిని దుర్వినియోగం చేశాడని చూపాలి. ఒక మనిషి, ఒక పని, ఒక దురుద్దేశం. ఈ మూడూ దొరికితేనే తలుపు తెరుచుకుంటుంది. మన ప్రాంతం నుంచే మూడు ఉదాహరణలు ఇస్తాను, చూడండి.

ఒకటి, పత్తి. 2014-15 సీజన్ గుర్తుందా? పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 4,050 రూపాయలు. బయట ధర పడిపోయింది. గుంటూరు జిల్లాలో వ్యాపారులు రైతు దగ్గర తక్కువకు కొన్న సరుకును రైతుల పేర్లతోనే సీసీఐకి అమ్మారని ఆరోపణలొచ్చాయి. విచారణలు జరిగాయి, మార్కెట్ కమిటీ ఉద్యోగుల మీద సస్పెన్షన్లు పడ్డాయి. సరే, ఇది చట్టానికి అర్థమయ్యే అవినీతి. కానీ దాని అడుగున ఇంకోటి ఉంది. ఆ కేంద్రంలో అమ్ముకోవాలంటే రైతునని చూపే కాగితం కావాలి. పొలం దున్నేది మన కౌలు రైతు. కాగితం ఉండేది గుంటూరులోనో హైదరాబాదులోనో ఉండే ఆసామి దగ్గర. కాగితం ఉన్న దొంగ రైతు లైన్లో నిలబడ్డాడు. కాగితం లేని అసలు రైతు దళారీకి అమ్ముకున్నాడు. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, కార్డు కావాలంటే భూ యజమాని సంతకం ఉండాలన్నారు. ఏ ఆసామి పెడతాడు సంతకం? ఇక్కడ ఏ ఉద్యోగి లంచం తీసుకోలేదు. రూలే తీసుకుంది. ఎవరి మీద పెడతావు ఆరోపణ?

రెండు, రాజధాని భూములు. 2015లో భూసమీకరణ మొదలైనప్పుడు పక్కపక్క గట్లే, ఒకే నల్లమట్టే. కానీ పట్టా రైతుకు ఒక ప్యాకేజీ, అసైన్డ్ రైతుకు అంతకంటే తక్కువ ప్యాకేజీ. తర్వాత ఏ ప్రభుత్వం ఏం సవరించినా, మొదట గీసిన గీత అది. అసైన్డ్ భూమి ఎక్కువగా ఎవరి చేతిలో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉత్తినే తీసేసుకుంటారేమోనన్న భయంతో అయినకాడికి అమ్ముకున్నవాళ్ళున్నారు. ఆ తేడా చాటుగా జరగలేదు. జీవోలో అచ్చయింది.

మూడు, సబ్‌ప్లాన్. మన ఉద్యమాల ఒత్తిడితో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ళ గడువు అయిపోతుంటే 2023 జనవరిలో ఆర్డినెన్సుతో పొడిగించారు. జనాభా నిష్పత్తిలో, అంటే 2011 లెక్కల ప్రకారం ఎస్సీలకు సుమారు 17 శాతం, నిధులు మన పేటలకు రావాలి. ఏం చేస్తారు? అందరికీ ఇచ్చే పథకంలో మనవాళ్ళు ఎంతమందో లెక్కగట్టి, అంత సొమ్మూ సబ్‌ప్లాన్ కింద ఖర్చయినట్టు రాసేస్తారు. పేటలో మురుగు కాలవ అలాగే ఉంటుంది, పుస్తకంలో కోట్లు ఖర్చవుతాయి. ఒక గుమాస్తా వంద రూపాయలు జేబులో వేసుకుంటే ఏసీబీ వాళ్ళు గులాబీ రంగు నీళ్ళతో పట్టుకుంటారు. పేట సొమ్ము పద్దు మారిపోతే ఎవరి చేతులు గులాబీ రంగులోకి మారతాయి?

అందుకే అంటున్నాను. కులం లంచంలాగా బల్ల కింద నుంచి రాదు. బల్ల మీద నుంచే, ముద్ర వేయించుకుని వస్తుంది. లోకాయుక్త చూపంతా బల్ల కిందే.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డు తగులుతాడు. "కర్ణాటక చూడండి. లోకాయుక్త ముఖ్యమంత్రినే దించింది." నిజమే. 2011 జూలైలో జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ మైనింగ్ నివేదిక ఇచ్చాక యడ్యూరప్ప రాజీనామా చేయాల్సొచ్చింది. దాన్ని నేను తక్కువ చేయను. అక్కడ లోకాయుక్తకు సొంత పోలీసు విభాగం ఉంది, అందుకే పని జరిగింది. మరి తర్వాతి కథ? 2015లో అదే లోకాయుక్త కార్యాలయం పేరు చెప్పి అధికారుల దగ్గర డబ్బులు గుంజారన్న కేసులో లోకాయుక్త కొడుకే అరెస్టయ్యాడు. ఆయన డిసెంబరులో రాజీనామా చేశారు. 2016లో ప్రభుత్వం వేరే ఏసీబీ పెట్టి లోకాయుక్త పోలీసు అధికారాలు లాగేసుకుంది. 2022 ఆగస్టులో హైకోర్టు ఆ ఏసీబీని రద్దు చేసి వాటిని తిరిగి ఇచ్చింది. మొత్తం కథ చదివితే తెలిసేది ఏమిటి? పళ్ళు ఉండాలి, నిజమే. కానీ పళ్ళు ఇచ్చినవాడే పీకనూగలడు. ఒక పెద్దమనిషి నిజాయితీ మీద ఆధారపడ్డ నిఘా, ఆ పెద్దమనిషి ఇంటి గుమ్మం దగ్గరే జారిపడగలదు.

ఇంకొకటి గుర్తు చేయాలి. 2011లో ఢిల్లీలో అన్నా హజారే దీక్ష జరుగుతుంటే దేశమంతా టోపీ పెట్టుకుంది. ఆ రోజు దళిత బహుజన మేధావులు అడిగిన ప్రశ్న ఒకటే: కాపలా పెట్టేది ఎవరిని? ఉదిత్ రాజ్ వాళ్ళు బహుజన లోక్‌పాల్ ముసాయిదా తెచ్చారు. వాళ్ళను కుల పిచ్చోళ్ళన్నారు, అవినీతికి కులమేంటన్నారు. చివరికి 2013 చట్టంలో ఏమొచ్చింది? లోక్‌పాల్ సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు ఉండాలని రాశారు. అడిగినందుకే అది వచ్చింది. మరి మన రాష్ట్రంలో? ఒక లోకాయుక్త, ఒక ఉప లోకాయుక్త. రిజర్వేషన్ మాట లేదు.

సరే, మళ్ళీ మా నాయన దగ్గరికి వద్దాం. ఆయన భయం ఉత్త భయమా? కాదు. ఆయన పుట్టి పెరిగిన నేల చరిత్ర అది.

లోకాయుక్త చట్టం వచ్చిన రెండేళ్ళకు, 1985 జూలై 17న, కారంచేడు జరిగింది. దాని మొదలేమిటి? తాగే నీళ్ళ చెరువును మురికి చేయొద్దని మనవాళ్ళు అన్నారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. అదీ ఒక ఫిర్యాదే కదా! నీళ్ళు పాడు చేయొద్దన్న ఫిర్యాదు. దానికి పల్లె మొత్తం మీద పడి చంపారు. ప్రధాన సాక్షి దుడ్డు అలీసమ్మను ఆ తర్వాత చంపేశారు. 1991 ఆగస్టు 6న చుండూరు. 2007లో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఈ రెండు ఊళ్ళూ చూసిన జనానికి వెళ్ళి "పేరు రాసి, సంతకం పెట్టి, ఫిర్యాదు చేయండి, రాజ్యం మీ వెనక ఉంది" అని చెప్పే ధైర్యం మీలో ఎవరికుంది? నాకైతే లేదు.

దీని మీద ఇంకో దెబ్బ ఉంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి లంచం ఇవ్వడాన్ని కూడా నేరం చేశారు. ఏడేళ్ళ దాకా శిక్ష. బలవంతంగా ఇచ్చానని చెప్పుకోవాలంటే ఏడు రోజుల్లోపు పోలీసుకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. మా నాయన ఆ ఎనిమిది వేలు ఇవాళ కట్టి ఉంటే, ఎనిమిదో రోజు పొద్దున్నుంచి ఆయనా నేరస్థుడే. తీసుకున్నవాడి పక్కన బోనులో నిలబడాలి. ఇక నోరు విప్పేదెవరు? 2019 నవంబరులో 14400 నంబరు పెట్టారు, ఫోన్ చేస్తే చాలన్నారు. మంచిదే. ఫోన్ పెట్టేశాక ఊళ్ళో ఉండాల్సింది మనమే.

లోకాయుక్త మొత్తం ఫిర్యాదుదారుడి భుజాల మీద నిలబడ్డ కట్టడం. ఎవరికి నష్టం జరిగిందో వాడే ముందుకు రావాలి, వాడే రాయాలి, వాడే సంతకం పెట్టాలి, వాడే తిరగాలి. ఆ బరువు మోయగలిగినవాడికి అసలు లోకాయుక్త అవసరమే తక్కువ. ఎమ్మెల్యే తెలుసు, తహసీల్దారు బంధువు. ఎవరికి అవసరమో వాడు మోయలేడు. ఇది అర్జీ పద్ధతి. రాజుల కాలం నుంచి మనకు తెలిసిన పద్ధతే, చేతులు కట్టుకుని దయ అడిగేది. సోమవారం సోమవారం కలెక్టరేట్ ముందు క్యూ కట్టేదీ ఇదే. ఒక్కో ప్రభుత్వం దానికో పేరు పెడుతుంది.

అయితే లోకాయుక్తను ఎత్తేయమంటున్నానా? లేదు. ఉన్న గుమ్మాన్ని మూసేయమనడం పాలకులకు పండగ. నేను అడుగుతున్నవి ఇవి. ఖాళీ అయ్యే తేదీ ముందే తెలుసు కాబట్టి, ఆ తేదీకి ముందే కొత్తవాళ్ళను నియమించాలని చట్టంలో రాయాలి. సొంత దర్యాప్తు సిబ్బందిని ఇవ్వాలి, ఫిర్యాదును అదే శాఖకు పంపే పద్ధతి ఆపాలి. ఫిర్యాదుదారుడి పేరు దాచాలి, వేధిస్తే శిక్ష ఉండాలి. జిల్లాల్లో బెంచీలు పెట్టాలి. ఒక్కరు కాకుండా బహుళ సభ్యుల సంస్థ చేసి సగం సీట్లు మనకివ్వాలి. సబ్‌ప్లాన్ నిధుల దారిమళ్ళింపు, ఏ పేరుతో జరిగినా, దుర్వినియోగమేనని నిర్వచనంలో చేర్చాలి.

కానీ అసలు పని వేరే ఉంది. దానికి నమూనా మన రాష్ట్రంలోనే పుట్టింది. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు పనుల బిల్లులను జనం మధ్య చదివించడం మొదలుపెట్టారు. ఆ దారిలోనే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని ప్రభుత్వ పద్ధతిగా నిలబెట్టిన మొదటి రాష్ట్రం మనదే. 2006లో మొదలుపెట్టి, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్ళ పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. "అమ్మా, నువ్వు పన్నెండు రోజులు చేశావని రాశారు, నిజమేనా?" అని అడిగారు. తర్వాత గ్రామసభలో, మండల ప్రజావేదికలో పైకి చదివారు. తేల్చిన సొమ్ములో వసూలైంది కొంతే, నాకు తెలుసు. తనిఖీ చేసేవాళ్ళను లోబరుచుకున్న చోట్లూ ఉన్నాయి. అయినా తేడా చూడండి. అక్కడ ఎవరూ ఫిర్యాదు చేయక్కర్లేదు. లెక్కే మన గుమ్మంలోకి వస్తుంది. మా అమ్మ ఒంటరిగా సంతకం పెట్టక్కర్లేదు, పల్లె మొత్తం ఒకేసారి "కాదు" అంటుంది. ఒక్క పేరును వేటాడొచ్చు, రెండొందల గొంతుల్ని వేటాడటం కష్టం.

మిర్చి యార్డులో చూడండి. టిక్కీ కాటా వేసేటప్పుడు రైతు కళ్ళు ముల్లు మీదే ఉంటాయి. కాటా అయిపోయి, లారీ వెళ్ళాక ఫిర్యాదు చేస్తానని ఎవరూ ఇంటి దగ్గర కూర్చోరు. మన సొమ్ము తూచేటప్పుడు మాత్రం మనం ఎందుకు ఇంటి దగ్గర కూర్చున్నాం?

విద్యార్థి మిత్రులారా, ఈ వేసవి సెలవుల్లో ఒక పని చేయండి. ఐదుగురు కలిసి మీ పంచాయతీలో సబ్‌ప్లాన్ కింద గత మూడేళ్ళలో ఏమేం పనులు చూపించారో సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ఐదుగురూ ఐదు దరఖాస్తులు పెట్టండి, ఒక్కరి పేరు మీద వదిలేయొద్దు. కాగితాలు వచ్చాక పేటలో లైటు కింద కూర్చుని పైకి చదవండి. ఏ వీధి, ఏ కాలవ, ఎంత సొమ్ము. ముసలమ్మలు జవాబు చెప్తారు. అది రాసుకోండి. అప్పుడు వెళ్దాం లోకాయుక్త దగ్గరికి, ఒక్క అఫిడవిట్‌తో కాదు, ఒక పేట తీర్మానంతో.

ఆ అమ్మాయికి నా జవాబు ఇదే: లోకాయుక్త గట్టిగా ఉంటే లంచాలు తగ్గవమ్మా. పేట గట్టిగా ఉంటే లోకాయుక్త గట్టిపడుతుంది.

నాయన ఇప్పుడు లేడు. ఆ కాగితం మీద ఆయన వేలు పెట్టి అడిగిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ ఒక్కడి సంతకం పెట్టించాలని చూడటం నా తప్పు. అది అందరం కలిసి పెట్టాల్సిన సంతకం.

జై భీమ్.

(వచ్చే భాగంలో: సబ్‌ప్లాన్ కాగితాలు చదవడం ఎలా?)